మీరు సుత వెరిఫై చేసుకోండి

పద్మారావు నగర్‌లో శ్యామలమ్మ మ్యాచింగ్ సెంటర్‌కు వచ్చే ఆడవాళ్ళు గడప దగ్గర చెప్పులు విప్పకముందే ఒక మాట అడిగేవారు. "ఊర్మిళ ఉన్నదా?" ఉందంటే లోపలికి వచ్చేవారు. లేదంటే చీర సంచి మళ్ళీ చంకన పెట్టుకుని, "అయితే రేపొస్తం" అని వెళ్ళిపోయేవారు.

తాను చేసేదాంట్లో గొప్పేమీ లేదని ఊర్మిళ అనేది. చీర అంచు వేళ్ళ మధ్య పట్టుకుని ఒక్క నిమిషం చూసేది. వెనక్కి తిరిగి, అరల నిండా ఉన్న జాకెట్టు గుడ్డల తాన్లలోంచి రెండు లాగేది. చీరతో సహా వాటిని గడప బయటికి తీసుకుపోయి ఎండలో పరిచేది. ట్యూబులైటు కింద ఒక్కటిగా కనబడిన రంగులు బయటికి రాగానే ఎడమొహం పెడమొహం అవుతాయి. "ఇది కాదమ్మా, ఇది" అని ఒకటి పక్కన పెట్టేది. ఆమె పెట్టిన గుడ్డ మార్చమని అడిగినవాళ్ళు లేరు.

ఆరేళ్ళ కిందట చేర్యాల దగ్గరి పల్లె నుంచి వచ్చినప్పుడు ఆమెకు ఈ కౌంటరు దక్కలేదు. దుకాణం వెనక కిటికీ లేని గది ఒకటుంది. నాలుగేళ్ళు అందులోనే కూర్చుని చీరలకు ఫాల్స్ కుట్టింది. ఒకనాడు కౌంటరు మీది పిల్ల రాకపోతే శ్యామలమ్మ ఆమెను ముందుకు పిలిచింది. ఆ రోజు నుంచి మళ్ళీ వెనక్కి పంపలేదు. ఈ ఎండాకాలంలో అయితే ఒక మాట కూడా ఇచ్చింది. "శ్రావణం నుంచి కౌంటర్ మొత్తం నీ చేతికిస్త బిడ్డా. నాకు మోకాళ్ళు పనిచేస్తలేవు. గల్లాపెట్టె తాళం ఒక్కటి నా తాన ఉంటది, గంతే." తన జీవితంలో తనకంటూ ఎవరైనా ఇస్తామన్నది అదొక్కటే అని ఊర్మిళకు తెలుసు. ఎవరితోనూ అనలేదుగానీ, శ్రావణం ఎప్పుడు మొదలవుతుందో కాలెండరులో రెండుసార్లు చూసుకుంది.

ఎనిమిది నెలలకే తెగిపోయిన పెళ్ళి ఆమెది. కోర్టు కాయితాలు చేతికొచ్చాక అన్న రెండో సంబంధం వెతకడం మొదలుపెట్టాడు. నెమలికంఠం రంగు చీరలో ఫోటో తీయించి, బయోడేటా జతచేసి ఇరవై కాపీలు వేయించాడు. అవి ఇరవై ఇళ్ళకు పోయాయి. ఒక్కటీ తిరిగి రాలేదు. రావాలని ఎవరూ అనుకోలేదు కూడా. సంబంధాలు చూసే ఇళ్ళలో ఆడపిల్ల ఫోటో పెళ్ళిపత్రిక లాంటిది. ఎవరికి ఇచ్చామో గుర్తు పెట్టుకోరు.

ఫోటో వెనకే ఎంక్వైరీ వచ్చేది. కార్ఖానా ఏరియాలో ఆమె అద్దెకుంటున్న ఇంటి ఓనరును అడిగేవాళ్ళు. పక్క వాటా వాళ్ళను అడిగేవాళ్ళు. ఒకాయన అయితే ఊరికి పోయి, విడాకులిచ్చిన మొగుడినే అడిగి వచ్చాడు. ఒకావిడ అరమీటరు లైనింగ్ గుడ్డ నెపంతో దుకాణానికి వచ్చి, గుడ్డ కత్తిరిస్తున్న ఊర్మిళనే అడిగింది.

"ఈడ ఊర్మిళ అని ఒక పిల్ల పనిచేస్తదట గదా. ఎసొంటిది?"

"మంచిదే. జెర మాటలు తక్కువ," అని చెప్పి గుడ్డ మడిచి చేతికిచ్చింది ఊర్మిళ.

ఎంత మంది అడిగినా, ఏ మగపిల్లాడి గురించీ ఎంక్వైరీ చేసుకొమ్మని ఆమెతో ఎవరూ అనలేదు. ఆ ఆలోచన అన్నకు కూడా రాలేదు.

వెనక గదిలో ఆమె తరువాత ఫాల్స్ కుట్టే పనికి వచ్చిన పిల్ల జెనిఫర్. ఇరవై నాలుగేళ్ళది, నోరు ఊరుకోదు. "అక్కా, మీ అన్న ఫోటోలు పంచుడు బంద్ చేసి నువ్వే చూసుకోరాదు?" అని ఒక మధ్యాహ్నం ఊర్మిళ ఫోను లాక్కుని డేటింగ్ యాప్ ఎక్కించింది. "గీ యాప్‌ల దొంగలున్నరు. పైసలు అడిగినోడు ఎవడైనా సరే, దొంగనే. గదొక్కటి యాదికి పెట్టుకో."

"అడిగితే నేనెందుకిస్త?" అంది ఊర్మిళ.

విశ్వతేజ అనే పేరుతో అతను పరిచయమయ్యాడు. అల్వాల్‌లో సొంతిల్లు, ప్రైవేటు కంపెనీలో ఉద్యోగం, తనదీ తెగిపోయిన పెళ్ళే అన్నాడు. రోజూ పొద్దున ఒకసారి, దుకాణం సర్దేవేళ ఒకసారి రాసేవాడు. ఏం తిన్నావు, ఈరోజు ఏ రంగు ఎక్కువ పోయింది అని అడిగేవాడు. రంగుల గురించి ఎవరైనా తనను అడగడం ఆమెకు కొత్త. నెమలికంఠానికి, నెమలిపింఛానికి తేడా ఏమిటో అతనికి రాయడానికి ఒక పూట పట్టింది. అతను ఓపిగ్గా చదివినట్టే ఉన్నాడు.

పంతొమ్మిదో రోజున లింకు పంపాడు. యాప్ వాళ్ళ కొత్త రూలట. కలుసుకునే ముందు ఇద్దరూ వెరిఫికేషన్ ఫీజు కట్టి సేఫ్ కార్డు తీసుకోవాలట. కలుసుకున్న మరునాడు ఆ ఫీజు వాపసు వస్తుందట.

ఊర్మిళ జెనిఫర్‌కు చూపించకుండానే జవాబు రాసింది. "పైసలు కట్టను. నన్ను చూడాలంటే దుకాణానికి రండి. మా ఓనరమ్మను అడగండి, పక్క దుకాణపోళ్ళను అడగండి. ఎంక్వైరీకి మా తాన ఫీజు లేదు."

పంపి ఫోను బోర్లా పెట్టింది. ఇక రాయడనుకుంది. గంట తరువాత అతని జవాబు వచ్చింది.

"శభాష్. నాకు గిట్ల హుషారున్న మనిషే కావాలె. ఫీజు వద్దు, వదిలేయ్. ఫ్రీగ సుత వెరిఫై చేసుకోవచ్చు. ఒక చిన్న వీడియో చాలు. పేరు చెప్పకు, అడ్రసు చెప్పకు, ఆడపిల్లవు, సేఫ్ కాదు. నేను నిజమే, ఫేక్ కాదు అను. ఇంకోటి, నన్ను సుత వెరిఫై చేసుకొమ్మని అడుగు. ఎప్పుడూ మగోళ్ళే ఆడోళ్ళను ఎంక్వైరీ చేసుడేంది? నువ్వు అడుగు, నేను చేసుకుంట."

ఆ చివరి రెండు మాటలూ ఊర్మిళ చాలాసార్లు చదివింది. ఇన్నేళ్ళలో ఒక్కరూ అనని మాట, మొహం తెలియని మనిషి అన్నాడు.

వీడియో పంపడం గురించి ఆమెకు వేరే ఆలోచనే రాలేదు. డబ్బు అయితే కొంగున ముడివేసుకునే మనిషి. మొహం అంటే, ఇరవై ఇళ్ళకు ఎప్పుడో పోయిందే. ఇరవై ఒకటో ఇంటికి పంపడంలో పోయేదేముంది?

పొద్దున పదకొండింటప్పుడు గిరాకీ పల్చబడ్డాక దుకాణం గడప ముందు నిలబడింది. వెలుతురు బాగుండేది అక్కడే. జెనిఫర్ ఫోను పట్టుకుంది.

"అక్కా, లోన్ కిస్తు కట్టమన్నట్టుంది. నవ్వు జెర."

రెండోసారి ఊర్మిళ నవ్వింది. "నేను నిజమే, ఫేక్ కాదు. మీరు సుత వెరిఫై చేసుకోండి. అయినంక కలుద్దాం." చెప్పి సిగ్గుపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అదీ వీడియోలో పడింది. ఆమె తల వెనక బోర్డు మీద 'లమ్మ మ్యాచింగ్' అన్న అక్షరాలు, కింద ఫోను నంబరులో చివరి నాలుగంకెలూ పడ్డాయి.

ఆ వీడియో అందుకున్న మరునాటి నుంచి విశ్వతేజ కనబడలేదు. పేరు లేదు, ఫోటో లేదు, పంతొమ్మిది రోజుల మాటలూ లేవు. ఊర్మిళ రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. జెనిఫర్ బలవంతంగా బయటికి లాక్కుపోయి మిర్చి బజ్జీలు తినిపించింది.

"పైస పోలే గదక్కా! వాడే బేకారుగ ఇరవై రోజులు నీ చీర రంగులు సదివిండు. లాసు వానికి, నీకు కాదు."

ఊర్మిళ నవ్వింది. నిజమేననుకుంది. మోసాన్ని గుమ్మంలోనే ఆపగలిగానని కాస్త గర్వం కూడా కలిగింది.

ఆషాఢం చివరి వారంలో ఒక మధ్యాహ్నం, దుకాణంలో ముగ్గురు ఆడవాళ్ళు కూర్చుని ఉండగా ఒక మనిషి గడప దగ్గర చెప్పులు విప్పాడు. నలభై అయిదేళ్ళుంటాయి. కొత్తగా ఇస్త్రీ చేసిన చొక్కా, కొత్తగా వేసిన జుట్టు రంగు, చేతిలో జామకాయల సంచి. నేరుగా ఊర్మిళ ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"నమస్తే అండి. నేను ఓంప్రకాశ్‌ను."

ఇంట్లో వాళ్ళ చీరలు పట్టుకుని వచ్చే మగవాళ్ళు అప్పుడప్పుడూ ఉంటారు. "చీర తెచ్చిన్రా అన్నా?" అని అడిగింది ఊర్మిళ.

"చీరనా?" అతను తన చేతి సంచి వైపు చూసుకున్నాడు. "మీరు చీర తెమ్మన్లే గదా. కార్డు తెచ్చిన." ఫోను తీసి తెర ఆమె వైపు తిప్పాడు. ఆకుపచ్చ అట్ట మీద అతని ఫోటో, పక్కన టిక్కు గుర్తు. "నాది వెరిఫై అయిందండి. మూడుసార్లు అయింది. ఆదివారం పార్కు తాన మూడు గంటలు నిలబడ్డ. మీరు రాలే. ఏమన్న తక్లీఫ్ వచ్చిందేమోనని నేనే వచ్చిన."

"నన్ను ఎవరనుకుంటున్నరో మీరు," అంది ఊర్మిళ.

అతను ఇబ్బందిగా నవ్వి, ఫోను మీద ఇంకోటి నొక్కాడు. దుకాణంలో ఊర్మిళ గొంతు పలికింది. *నేను నిజమే, ఫేక్ కాదు. మీరు సుత వెరిఫై చేసుకోండి.* కూర్చున్న ముగ్గురూ తలలెత్తారు. ఒకావిడ కళ్ళజోడు సరిచేసుకుంది.

చీర అంచు చేతిలోంచి ఎప్పుడు జారిందో ఊర్మిళకు తెలియలేదు.

"గది నేను మీకు పంపలే అన్నా. మిమ్మల్ని గిప్పుడే చూస్తున్న."

"మొఖం మీదే. గొంతు మీదే. దుకాణం సుత మీదే." ఓంప్రకాశ్ గొంతులో మర్యాద ఇంకా ఉంది, కానీ సన్నబడింది. "మరి నెలదాక నాతోని మాట్లాడిందెవరు? హిమజ అని పేరు చెప్పిందెవరు? అన్నం తిన్నవా ఓం అని రోజు అడిగిందెవరు?"

"నా పేరు హిమజ కాదు."

"మరి నేనెవరికి కట్టిన?"

కళ్ళజోడు ఆవిడ గల్లాపెట్టె వైపు తిరిగింది. "ఏందమ్మా శ్యామలమ్మా! గుడ్డలే గాదు, మనుషులకు సుత మ్యాచింగ్ చేస్తున్నవా ఏంది?"

మిగతా ఇద్దరూ నవ్వారు. పెద్దగా ఏం కాదు, ముక్కుల్లోంచి. ఆ నవ్వు ఊర్మిళకు కొత్త కాదు. అరమీటరు లైనింగ్ గుడ్డ కొన్నవాళ్ళ దగ్గర విన్నదే.

శ్యామలమ్మ మోకాళ్ళు పట్టుకుని లేచి వచ్చింది. గిరాకీని సాగనంపింది. ఓంప్రకాశ్‌ను స్టూలు మీద కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చింది. ఊర్మిళ తన ఫోనులో మిగిలి ఉన్న వీడియో తీసి చూపించింది. విశ్వతేజ సంగతి మొదటి నుంచి చెప్పింది. చెబుతుంటే ఓంప్రకాశ్ మొహం కోపం నుంచి మెల్లగా దిగి, ఇంకెక్కడో ఆగిపోయింది. లిఫ్టులు రిపేరు చేసే పని అతనిది. భార్య పోయి ఆరేళ్ళు. మొదట రిజిస్ట్రేషన్ అన్నారు, తరువాత సేఫ్ కార్డు అన్నారు, తరువాత మీటింగ్ పాస్ అన్నారు.

"నేను సుత ఎడ్డోన్ని కాదమ్మా," అన్నాడు నీళ్ళ గ్లాసు పక్కన పెట్టి. "ముందుగాల్ల నలుగురైదుగురు ఆడోళ్ళ పేరు మీద మెసేజులు వచ్చినయ్ నాకు. అందరు పుస్తకం తెలుగు మాట్లాడ్తున్రు. మీరు కూడా, మీరు కూడా అని. కట్ చేసిన. నీ వీడియో వచ్చింది. నువ్వు 'సుత' అన్నవ్. గా ఒక్క మాటకు పడ్డ నేను. ఫేకోళ్ళు సుత అనరు గదా, ఇది మనోళ్ళ పిల్లనే అనుకున్న."

విశ్వతేజ రాసి పంపిన వాక్యంలో కూడా సుత అనే ఉందన్న సంగతి ఊర్మిళకు అప్పుడు తట్టింది. వాడు ఆమె భాషనే ఆమెకు అప్పగించి, ఆమె నోటితో పలికించి తీసుకుపోయాడు. అది ఓంప్రకాశ్‌కు చెప్పాలనిపించలేదు. అతను జామకాయల సంచి కౌంటరు మీదే వదిలి వెళ్ళాడు. పండినవే, కానీ ఎవరూ ముట్టలేదు.

ఆ సాయంత్రం శ్యామలమ్మ ఆమెను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది.

"నిన్ను అంటలేను బిడ్డా. నీ మనసు నాకు ఎరికే. కానీ నా బోర్డు కనబడుతున్నది అండ్ల. రేపు ఇంకొకడు వస్తడు. జామకాయలు తెచ్చేటోడు కాకపోవచ్చు."

"నేనేం తప్పు చేసినమ్మా?"

"తప్పని నేనన్ననా? గిరాకీ ముంగట నీ మొఖం ఉంటే గా వీడియో యాదికొస్తది. ఆ బొమ్మ ఆగేదాక లోపల కూసో. జెనిఫర్ ముంగట ఉంటది. ఆ బొమ్మ ఆగిందా, నీ కౌంటర్ నీకే. నేను మాట తప్పేదాన్ని కాదు." లేవబోతూ మళ్ళీ అంది, "గడప తాన ఫోన్ పట్టుకోని మాత్రం నిలబడకు. చూసెటోళ్ళు ఊకోరు."

పొమ్మంటే పోట్లాడవచ్చు. శ్యామలమ్మ పొమ్మనలేదు. తల మీద చెయ్యి వేసి, గదిలోకి పంపింది. మరునాటి నుంచి ఊర్మిళ కిటికీ లేని గదిలో ఫాల్స్ కుట్టింది. ముందు నుంచి మాటలు వినబడేవి. "ఊర్మిళ ఉన్నదా?" అని ఇప్పటికీ అడిగేవారు. అయితే ఉంది అన్నాక లోపలికి తొంగి చూసి, పక్కనున్నవాళ్ళతో గొంతు తగ్గించి ఏదో అనేవారు. చీర మాత్రం జెనిఫర్‌కే ఇచ్చేవారు.

ఆ బొమ్మ ఆగాలి. అంతకుమించి ఊర్మిళ ఏమీ కోరుకోలేదు.

ఓంప్రకాశ్ ఫోను చేశాడు. అతను చెడ్డవాడు కాదు. ఇద్దరూ సైబర్ నేరాల నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు రాయించారు. స్టేషనులో రాసుకునే ఆయన మర్యాదగానే అడిగాడు. "మీరిద్దరు ఒకరికొకరు ఏమవుతరు?"

ఊర్మిళ కంటే ముందే ఓంప్రకాశ్ అన్నాడు. "ఏం గాము సార్. ఈమె మొఖం చూసి నేను పైసలు కట్టిన. ఈమెకు సుత తెల్వదు."

ఆయన కాసేపు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, అలాగే రాసుకున్నాడు.

యాప్ వాళ్ళకు రాస్తే నాలుగో రోజుకు హిమజ పేరు తీసేశారు. ఊర్మిళ శ్యామలమ్మతో చెప్పబోయింది. అయిదో రోజు అదే వీడియో ఇంద్రజ పేరుతో లేచింది. ఈసారి టీచరు. ఇల్లు కార్ఖానా. అది కూడా తీయించారు. వారం తిరక్కుండా ఇంకో పేరు, దాని పక్కనే మళ్ళీ ఇంద్రజ.

ఫీజు కట్టినవాళ్ళనూ కట్టబోయేవాళ్ళనూ ఆ దొంగలు కలిపి ఒక గ్రూపులో వేసేవారు. ఓంప్రకాశ్ అందులోంచి బయటికి రాకుండా మౌనంగా కూర్చుని, కొత్తగా వచ్చిన ప్రతివాడికీ విడిగా రాసేవాడు. కట్టొద్దన్నా, నేను మునిగిన అని. లిఫ్టు గుంతలో పని చేస్తూ కూడా రాసేవాడట. వచ్చిన జవాబులు ఊర్మిళకు చదివి వినిపించేవాడు.

"'నీకు దొరకలేదని కుళ్ళా అంకుల్?' అంటున్నడు ఒకడు. 'నీ మొఖానికి ఎవరొస్తరు' అంటున్నడు ఇంకొకడు. నాకు జుట్టు రంగు మార్చుకొమ్మని సలహా సుత ఇచ్చిండమ్మా." నవ్వబోయి ఊరుకునేవాడు.

శ్రావణం వచ్చింది. రెండో శుక్రవారం ముందురోజు దుకాణంలో కాలు పెట్టే సందు లేదు. ముందు గదిలో జెనిఫర్ ఎవరికో ముదురు వంకాయ రంగు బదులు ద్రాక్ష రంగు కోసి ఇచ్చినట్టుంది, ఏదో గొడవ వినబడుతోంది. ఊర్మిళ ఒళ్ళో చీర పెట్టుకుని సూదిలో దారం ఎక్కిస్తుండగా ఓంప్రకాశ్ నుంచి ఒక నంబరు వచ్చింది. కింద అతని మాట. "భానుప్రకాశ్ అంట. నీ కార్ఖానానే. ఇయ్యాల్నో రేపో కడ్తడు. నా మాట ఇంటలేడు. నువ్వే చెప్పు. నీ మాట ఇంటడేమో."

ఊర్మిళ దారం పక్కన పెట్టింది. ఇంతవరకూ ఆమె ఎవరికీ నేరుగా రాయలేదు. ఒక్కడైనా నమ్మితే, ఆ ఒక్కడు ఇంకొకడికి చెబితే, ఈ బొమ్మ ఎక్కడో ఒకచోట ఆగుతుందేమో. మెల్లగా, తప్పులు లేకుండా రాసింది. "అన్నా, మీరు ఇంద్రజ అనుకుంటున్న వీడియోలో ఉన్నది నేను. నా పేరు ఊర్మిళ. మ్యాచింగ్ సెంటర్‌లో పనిచేస్త. నా వీడియో దొంగతనం చేసిన్రు. పైసలు కట్టకండి."

వెంటనే చదివాడు. జవాబు కూడా వెంటనే వచ్చింది.

"నువ్వే అసలు మనిషివైతే నీ కార్డు పంపు."

"నాకు కార్డు లేదు. కార్డే మోసం."

"ఆమెకుంది. నీకు లేదు. ఎవరు ఫేకో నాకు సమజైంది."

ఊర్మిళ ఫోను చేసింది. మోగి మోగి ఆగింది. తరువాత అక్షరాలు వచ్చాయి. "ఫోన్ చేయకు. కార్డు కాకముందు ఫోన్ చేసేటోళ్ళు అందరు ఫేకే అని ఇంద్రజ ముందే చెప్పింది. పైసలు కట్టద్దని ఎవరన్న రాస్తే సుత నమ్మద్దన్నది. ఆమె చెప్పినట్టే వచ్చినవ్."

ఆమె గోడ వంక చూసింది. వీళ్ళు తన కంటే ముందే, తన నోటికి తాళం వేసి పెట్టారు. ముందు గదిలో శ్యామలమ్మ ఎవరికో సర్దిచెబుతున్న గొంతు వినబడింది. గడప దాకా పోవాలంటే ఆ జనం మధ్యలోంచి, ఫోను పట్టుకుని పోవాలి. పోలేదు. ట్యూబులైటు కింద, తాన్ల మూటల మధ్య నిలబడి తనే ఫోను చేతికందినంత దూరం పెట్టుకుని మాట్లాడింది.

"అన్నా, నేనే. ఊర్మిళను. చూడండి, అదే మొఖం. మీ పైసలు మీ తాన ఉంచుకోండి. నేను మిమ్మల్ని కలుస్త అన్లే. నన్ను సుత నమ్మద్దు, కానీ కట్టకండి."

పంపింది. రెండు నీలం గీతలు పడ్డాయి. చాలాసేపు ఏమీ రాలేదు. చూస్తున్నాడు, రెండూ పక్కపక్కన పెట్టుకుని చూస్తున్నాడు అనుకుంది. ఇరవైమంది మగవాళ్ళ ఇళ్ళలో తన ఫోటోను ఇలాగే పట్టుకుని చూసి ఉంటారు. ఒక్కసారైనా ఆ చూపు తనకు పనికిరావాలని కోరుకుంది.

"కలుస్తలేదు," అని వచ్చింది. "ఆమె రంగు వేరే. ఆమె నవ్వుతది. నువ్వు ఆమెను చూసి మండెటోళ్ళ లెక్కున్నవ్. అక్కవా, చెల్లెవా? ఎవరన్నగాని, ముందు నువ్వు పొయి వెరిఫై చేసుకో."

ఆ తరువాత ఆమె పంపినవేవీ అతనికి చేరలేదు. నంబరు మూసేసుకున్నాడు.

ఊర్మిళ తన రెండు వీడియోలనూ వరసగా చూసింది. అతను అన్నది తప్పని అనలేకపోయింది. మొదటి దాంట్లోని ఆడమనిషి ఎవరో ఒకరి మంచి మాట నమ్మి నవ్వుతోంది. రెండో దాంట్లో కళ్ళ కింద నల్లగా, పెదవులు బిగించుకుని ఎవరో ఉంది. ఈ ఇద్దరిలో ఎవరు కావాలని అడిగితే ఏ ఇంటివాళ్ళైనా మొదటామెనే అంటారు.

జెనిఫర్ తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. "అక్కా, అమ్మ అడుగుతున్నది. ఆ బొమ్మ ఆగిందా అని. బయట నాతోని అయితలేదు. మూడు చీరలు వాపస్ వచ్చినయ్."

"ఆగలే అని చెప్పు," అంది ఊర్మిళ.

"ఆగిందని చెప్తే ఏం పోతది? అమ్మ చూడొచ్చిందా?"

ఊర్మిళ ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసింది. ఆ అబద్ధం ఎంత సులువో, రేపటి నుంచి తన చేతులు ఎండలో ఎలా ఉంటాయో కనబడింది. మళ్ళీ ఏదో ఒక మధ్యాహ్నం, ఏదో ఒక ఇస్త్రీ చొక్కా గడప దగ్గర చెప్పులు విప్పడం కూడా కనబడింది.

"ఆగలేదని చెప్పు," అని సూది చేతిలోకి తీసుకుంది.

మరునాడు పొద్దున, వరలక్ష్మీ వ్రతం చీరలు ఇంకా నాలుగు మిగిలి ఉండగా, ఓంప్రకాశ్ ఫోను చేశాడు. వెనక ఎక్కడో లిఫ్టు తలుపు పదే పదే తెరుచుకుని మూసుకుంటున్న చప్పుడు.

"కట్టిండమ్మా. రాత్రే కట్టిండంట. కట్టి, కార్డు ఫోటో నాకే పంపిండు. కింద నీ గురించి సుత రాసిండు. సదవాల్నా?"

"వద్దన్నా," అంది ఊర్మిళ.

ఆ చప్పుడులో ఆ మాట అతనికి వినబడలేదు. అప్పటికే చదవడం మొదలుపెట్టాడు.